క్యాసినోకీ ఇంటికీ మధ్య ఎంత దూరం?

మా ఉత్తర వర్జీనియాలో చలికాలం వచ్చిందంటే ఒక చర్చ మళ్లీ మొదలవుతుంది. టైసన్స్‌లో క్యాసినో పెట్టనివ్వాలా వద్దా అని. జనవరిలో రిచ్‌మండ్‌లో రాష్ట్ర అసెంబ్లీ కూర్చోగానే ఎవరో ఒకరు బిల్లు తెస్తారు. 2023లో వచ్చింది, ముందుకు కదల్లేదు. 2024లో వచ్చింది, వాయిదా పడింది. 2025లో సెనేట్‌లో నెగ్గి, హౌస్‌లో ఆగిపోయింది. అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటే. మళ్లీ జనవరి వస్తోంది.

హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి ఈ బ్లాగు చదివేవాళ్ల కోసం టైసన్స్ అంటే ఏమిటో రెండు ముక్కలు. వాషింగ్టన్‌కి పడమటి పక్క ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఉంది. రెండు పెద్ద మాల్స్, వాటి చుట్టూ ఆఫీసులు, ఆఫీసుల చుట్టూ అపార్ట్‌మెంట్లు, అవి దాటగానే వియన్నా, మెక్లీన్ అనే ఇళ్ల పేటలు. గచ్చిబౌలిని తలుచుకోండి, దగ్గరగా వస్తుంది. 2014లో మెట్రో సిల్వర్ లైన్ వచ్చింది, 2022లో అది ఆష్‌బర్న్ దాకా వెళ్లింది. ఆ లైను పొడుగునా, రెస్టన్, హెర్న్‌డన్, ఆష్‌బర్న్ అంతటా మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో ఏ శనివారమైనా ఇండియన్ గ్రోసరీ కొట్టులో బిల్లు దగ్గర నిలబడితే తెలిసిపోతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వద్దు. అయితే నేను చెప్పే కారణం మామూలుగా మీటింగుల్లో వినపడే కారణాలు కాదు. ట్రాఫిక్ పెరుగుతుందంటారు, నిజమే, కానీ టైసన్స్‌లో ట్రాఫిక్ ఇప్పుడు తక్కువేం ఏడవలేదు. ఇళ్ల ధరలు పడిపోతాయంటారు, దానికి ఇటు లెక్కలున్నాయి, అటు లెక్కలున్నాయి. జూదం పాపం అంటారు. పాపపుణ్యాల సంగతి ఎవరి ఇంట్లో వాళ్లు తేల్చుకోవలసిందే, దాన్ని చట్టంలో రాయమని నేను అడగను. నా బాధల్లా దూరం గురించే. క్యాసినోకీ ఇంటికీ మధ్య ఉండే దూరం ఒక కుటుంబానికి ఏం చేసిపెడుతుందన్నది ఈ చర్చలో ఎవరూ సరిగ్గా మాట్లాడటం లేదు.

ఇప్పుడు మాకు దగ్గర్లో క్యాసినో లేదా అంటే ఉంది. పొటోమాక్ నదికి అవతల, మేరీలాండ్‌లో, నేషనల్ హార్బర్ దగ్గర. 2016 డిసెంబరులో తెరిచారు. హెర్న్‌డన్ నుంచి ఇంచుమించు ముప్పై మైళ్లు. బెల్ట్‌వే ఎక్కాలి, ఉడ్రో విల్సన్ వంతెన దాటాలి, ట్రాఫిక్ ఉంటే గంట పడుతుంది. అంటే వెళ్లాలని అనుకుని, టైము చూసుకుని, ఇంట్లో ఏదో ఒకటి చెప్పి బయల్దేరాలి. టైసన్స్ బిల్లులో రాసింది దీనికి పూర్తిగా తలకిందులు. 2025 బిల్లు ప్రకారం క్యాసినో సిల్వర్ లైన్ స్టేషన్‌కి పావు మైలు లోపల ఉండాలి, పెద్ద మాల్‌కి దగ్గరలో ఉండాలి, బెల్ట్‌వేకి బయట ఉండాలి. అన్నీ కలిపి చూస్తే టైసన్స్ తప్ప ఇంకో చోటు మిగలదు. పేరు రాయకుండా చిరునామా రాశారన్నమాట. పావు మైలంటే అయిదు నిమిషాల నడక. ఆఫీసు నుంచి మెట్రోకి నడిచేవాడు దారిలో ఆగి లోపలికి వెళ్లి రావచ్చు. కాఫీ తాగొచ్చినట్టు.

ఇక్కడ ఒకావిడ సంగతి చెప్పాలి. తెలుగు బడి దగ్గర పరిచయం. పేరు చెప్పను, ఏ ఊరో చెప్పను. రాయమని తనే అంది. వాళ్లాయన మంచివాడే. తాగడు, పిల్లల చదువు తనే చూసుకుంటాడు, ఉగాదికి పచ్చడి కూడా తనే చేస్తాడు. ఆఫీసు స్నేహితుడి పుట్టినరోజుకి అందరూ కలిసి నేషనల్ హార్బర్ వెళ్లారు. ఆ రాత్రి నాలుగు వందలు గెలిచాడు. గెలవకపోయి ఉంటే బాగుండేది అంటుంది ఆవిడ. తరువాత పదిహేను రోజులకోసారి శనివారం రాత్రి ఏదో ఒక పని తగిలేది. ఎవరో ఇల్లు మారుతున్నారు, ఎవరినో ఎయిర్‌పోర్టులో దింపాలి, ఆఫీసులో రిలీజ్ ఉంది. ఎప్పుడూ అనుమానం రాలేదు. క్రెడిట్ కార్డు బిల్లులో ఏమీ కనపడేది కాదు, నగదు తీసుకెళ్లేవాడు.

బయటపడింది ఎలాగంటే, టోల్ వల్ల. నెలాఖరు బిల్లులు కట్టేది ఆవిడే. ఒకసారి ఈజీపాస్ బ్యాలెన్స్ త్వరగా అయిపోతోందేమిటని స్టేట్‌మెంట్ తెరిచి చూసింది. బెల్ట్‌వే ఎక్స్‌ప్రెస్ లేన్లలో రాత్రి ఒంటిగంటకి ఒక టోల్, రెండుంబావుకి ఒకటి, అన్నీ శనివారం తెల్లవారితే ఆదివారం అన్నప్పుడే. ఎయిర్‌పోర్టుకి వెళ్లినవాడికి ఆ దారితో పనిలేదు. అడిగింది. ఆయన అబద్ధం చెప్పలేకపోయాడు. అప్పటికి పోయింది పదకొండు వేల డాలర్లు. కొడుకు కాలేజీ కోసమని విడిగా పెట్టుకున్న డబ్బులోంచి కొంత, క్రెడిట్ యూనియన్ నుంచి తెచ్చిన అప్పు కొంత. ఆ తరువాత ఏడుపులు, మాటలు, మూడు నెలల మౌనం, అన్నీ అయ్యాయి. చివరికి తన పేరు మేరీలాండ్ వాళ్ల స్వచ్ఛంద నిషేధ జాబితాలో తనే రాయించుకున్నాడు. ఇప్పుడు బాగానే ఉన్నారు.

ఆవిడ నాతో అన్న మాట ఇది. "అక్కా, ఆయన ఆఫీసు టైసన్స్‌లోనే కదా. అక్కడే పెట్టి ఉంటే నాకు ఎప్పటికి తెలిసేది? రోజూ వెళ్లే దారే, రోజూ పడే టోలే. ఆరింటికి రావలసిన మనిషి ఏడున్నరకి వస్తే నేను ఏమనుకుంటాను? మీటింగ్ ఉందేమో అనుకుంటాను."

నేను దూరం అంటున్నది దీన్నే. దూరం మనిషిని ఆపదు. ఆపుతుందనుకుంటే నేషనల్ హార్బర్ పార్కింగ్‌లో వర్జీనియా నంబర్ ప్లేట్లు కనపడవు. కానీ దూరం ఆనవాళ్లు మిగులుస్తుంది. రాత్రి ఆలస్యం, కారులో పెట్రోలు, చెప్పిన కథకీ పట్టిన టైముకీ కుదరని లెక్క. ఇంట్లో ఉన్నవాళ్లు పట్టుకోగలిగేది ఆ ఆనవాళ్లనే. పదకొండు వేల దగ్గర తెలియడానికీ, లక్షాపదివేల దగ్గర తెలియడానికీ తేడా ఏమిటంటే, ఒకటి మూడు నెలల మౌనంతో పోతుంది, ఇంకోటి ఇల్లు అమ్మేదాకా పోతుంది.

ఇది నాకొక్కదానికే తోచిన సంగతి కాదు. క్యాసినోలు నడుపుతున్న దేశాలు చాలావాటికి తెలుసు. తమ మనుషులకీ ఆ బల్లకీ మధ్య ఏదో ఒకటి అడ్డం పెట్టుకున్నాయి. మోంటే కార్లో క్యాసినో పేరు వినని వాళ్లుండరు, కానీ మొనాకో పౌరులకి అందులో ఆడే హక్కు లేదు. నేపాల్‌లో క్యాసినోలున్నాయి, నేపాలీలకి ప్రవేశం లేదు. దక్షిణ కొరియాలో చాలా క్యాసినోలున్నా కొరియా పౌరులు ఆడగలిగేది ఒక్కదానిలోనే, కాంగ్‌వన్ లాండ్ అని, బొగ్గు గనులు మూతపడిన కొండ ప్రాంతంలో, సియోల్‌కి దూరంగా 2000లో పెట్టారు. సింగపూర్ 2010లో రెండు క్యాసినోలు తెరిచినప్పుడు విదేశీయులకి ఉచితం, తమ పౌరులకీ శాశ్వత నివాసులకీ మాత్రం రోజుకి 100 డాలర్ల రుసుం పెట్టింది. 2019లో దాన్ని 150 చేసింది. మన గోవా సంగతి చూడండి. మన కుర్రాళ్లు హైదరాబాద్ నుంచి విమానమెక్కి వెళ్లే ఆ క్యాసినోలు మాండవి నదిలో పడవల మీద ఉంటాయి. బల్లల మీద ఆడే ఆటలకి చట్టం అనుమతించింది నీటి మీదే. నేల మీద, పెద్ద హోటళ్లలో అయితే యంత్రాల ఆటలే. 2020లో గోవా ప్రభుత్వం స్థానికులు క్యాసినోల్లో ఆడకూడదని కూడా ప్రకటించింది.

అంతెందుకు, లాస్ వేగస్ ఉన్న నెవాడా రాష్ట్రమే 1997లో చట్టం చేసింది, ఇళ్ల మధ్య కొత్త క్యాసినోలు పుట్టుకు రాకుండా. ఇళ్లకి కనీసం 500 అడుగులు, బళ్లకీ ప్రార్థనా స్థలాలకీ 1,500 అడుగులు ఎడం ఉండాలని. జూదం మీద బతికే రాష్ట్రానికే ఇంటి పక్కన వద్దనిపించింది.

నది, కొండ, రుసుం, సరిహద్దు. ఏదో ఒకటి మధ్యలో ఉంది. టైసన్స్‌లో మధ్యలో ఏముంటుంది? మెట్రో ఎస్కలేటర్.

దూరానికి సంబంధించిన అధ్యయనాలు కూడా ఉన్నాయి. అమెరికా ప్రభుత్వం జూదం ప్రభావం మీద వేసిన జాతీయ కమిషన్ 1999లో నివేదిక ఇచ్చింది. క్యాసినోకి 50 మైళ్ల లోపల ఉన్నవాళ్లలో జూదం సమస్యగా మారినవాళ్లు, అంతకన్నా దూరాన ఉన్నవాళ్లతో పోలిస్తే ఇంచుమించు రెట్టింపు అని అందులో ఉంది. నిజం చెప్పాలంటే ఈ లెక్క నా వాదానికి పూర్తిగా పనికిరాదు. నేషనల్ హార్బర్ వల్ల మనం 50 మైళ్ల లోపల ఎప్పుడో పడిపోయాం. పైగా జూదం అలవాటున్నవాళ్లే క్యాసినోకి దగ్గరగా ఉన్నారేమో, ఎవరు చెప్పొచ్చారు అని కూడా అడగొచ్చు. అయితే బఫెలో విశ్వవిద్యాలయం వాళ్లు 2004లో ఇంకా దగ్గరి దూరాన్ని చూశారు. 10 మైళ్ల లోపల క్యాసినో ఉంటే కూడా సమస్య దాదాపు రెట్టింపు కనిపించింది. టైసన్స్ నుంచి 10 మైళ్ల గీత గీస్తే వియన్నా, మెక్లీన్, ఫాల్స్ చర్చ్, రెస్టన్, ఓక్టన్ అన్నీ లోపలే ఉంటాయి. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ జనాభా 11 లక్షల పైమాట. అందులో సగం మందికి కాదు, వందకి ఒక్కరికే ఈ జబ్బు తగులుతుందనుకున్నా, అది పదకొండు వేల మంది. ఒక్కొక్కరి వెనకా ఒక వంటిల్లు ఉంటుంది.

ఇక డబ్బు. క్యాసినో కావాలనేవాళ్ల బలమంతా ఇక్కడే ఉంది కాబట్టి దీన్ని కాస్త నిదానంగా చూద్దాం. వాళ్లు చెప్పేది తప్పు కాదు. కోవిడ్ తరువాత టైసన్స్ చుట్టుపక్కల ఆఫీసులు ఖాళీ పడ్డాయి. ఆఫీసుల మీద వచ్చే పన్ను తగ్గితే ఆ బరువు ఇళ్ల మీద పడుతుంది. మా ఇంటి పన్ను కాగితం వచ్చినప్పుడల్లా మావారి మొహం నేను చూస్తూనే ఉన్నాను. బళ్లకి డబ్బు కావాలి, టీచర్లకి జీతాలు పెంచాలి. క్యాసినోతో పాటు హోటలు, సభాభవనం, కచేరీ హాలు వస్తాయంటున్నారు, వాటి వెనక ఉద్యోగాలు. కొన్ని కార్మిక సంఘాలు కూడా సమర్థించాయి. మన డబ్బు నది దాటి మేరీలాండ్ పోతోంది కదా, ఇక్కడే ఉంచుకుందాం అంటారు.

సరే, లెక్క వేద్దాం. వర్జీనియా చట్టంలో క్యాసినో మీద పన్ను 18 శాతం దగ్గర మొదలై, ఆదాయం పెరిగేకొద్దీ 30 శాతం దాకా వెళ్తుంది. ఇక్కడ క్యాసినో ఆదాయం అంటే ఏమిటి? ఆడినవాళ్లు పోగొట్టుకున్న డబ్బు. అంటే ప్రభుత్వానికి 100 డాలర్లు రావాలంటే ఎవరో 333 నుంచి 555 డాలర్లు ఓడిపోవాలి. బడికి వంద ఇవ్వడానికి మా పేట జేబుల్లోంచి మూడొందలకీ అయిదొందలకీ మధ్య తియ్యాలి. ఇది పన్ను వసూలు చేసే పద్ధతిగా చూస్తే ఎంత ఖరీదైన పద్ధతో ఇల్లు నడిపే ఎవరికైనా అర్థమవుతుంది. లాస్ వేగస్‌లో ఓడిపోయేవాడు విమానమెక్కి వచ్చిన పరాయివాడు, ఓడిపోయి విమానమెక్కి పోతాడు. ఊరి శివార్లలో, మెట్రో పక్కన పెట్టిన క్యాసినోలో ఓడిపోయేది ఎవరు? సోమవారం మనతో పాటు బస్‌స్టాప్‌లో పిల్లల్ని ఎక్కించేవాళ్లే.

ఎవరూ ఓడిపోవాలని ఆడరు కదా, గెలిచేవాళ్లూ ఉంటారు అంటారా. రూలెట్ చక్రం చూడండి. అమెరికాలో ఆ చక్రానికి 38 గళ్లుంటాయి. ఒక అంకె మీద డాలరు పెట్టి గెలిస్తే 35 డాలర్లు ఇచ్చి, మీ డాలరు మీకు ఇస్తారు. 38 గళ్ల మీదా తలా ఒక డాలరు పెట్టారనుకోండి, ఖర్చు 38, చేతికొచ్చేది 36. ఆ రెండు డాలర్లు ఎప్పుడూ బల్లవే. స్లాట్ మిషన్లయితే ఆరు సెకన్లకోసారి మీట నొక్కుతారనుకుందాం. గంటకి 600 సార్లు. ఒక్కోసారి డాలరు చొప్పున 600 డాలర్లు తిరుగుతాయి. వందకి ఎనిమిది మిషన్ ఉంచుకుంటుందనుకుంటే గంటకి 48 డాలర్లు. మధ్యమధ్య గంటలు మోగి నాలుగు, అయిదు డాలర్లు రాలుతూనే ఉంటాయి కాబట్టి పోతున్నట్టు తెలియదు. తెలియకుండా పోవడమే ఆ యంత్రం పనితనం.

ఇంకో సంగతి. వర్జీనియా 2020లో క్యాసినోలని ఎందుకు అనుమతించింది? బ్రిస్టల్, డాన్విల్, నార్ఫోక్, పోర్ట్స్‌మత్, రిచ్‌మండ్, ఈ అయిదు నగరాలకి. ఫ్యాక్టరీలు పోయి, జనం వలసపోయి, పన్నులు రాని చోట్లు నిలబడటానికి ఒక ఆసరా కావాలని అప్పుడు చెప్పారు. ఆ కారణంతో మనకి పేచీ ఉండొచ్చు, కానీ కారణమంటూ ఒకటుంది. ఫెయిర్‌ఫాక్స్ దేశంలోనే బాగా సంపన్నమైన కౌంటీల్లో ఒకటి. ఆసరా కోసం పెట్టిన మందు ఆరోగ్యంగా ఉన్నవాడికి ఎందుకు? ఆ అయిదింట్లోనూ రిచ్‌మండ్ ప్రజలు 2021లో ఓటింగులో స్వల్ప తేడాతో వద్దన్నారు. రెండేళ్ల తరువాత మళ్లీ అడిగితే 60 శాతానికి పైగా వద్దన్నారు. ఇక్కడైతే కౌంటీ బోర్డు తనంతట తాను అడిగింది కూడా కాదు.

ఇప్పుడు నాకు మావాళ్లు వేసే ప్రశ్నలు. మొదటిది, మనమేం తక్కువ తిన్నాం అని. దీపావళికి బేస్‌మెంట్‌లో పేకాట లేదా? సంక్రాంతికి భీమవరం కోడిపందేల వీడియోలు చూసి ఊగిపోవడం లేదా? శుక్రవారం రాత్రుళ్లు మగవాళ్ల పోకర్ గ్రూపులు లేవా? ఉన్నాయి. నేను కాదనను. మా ఇంట్లోనే దీపావళికి పదిమంది కూర్చుంటారు, నేనూ మూడు ముక్కలాట ఆడతాను. కానీ ఆ ఆటలో పోయిన డబ్బు ఎదురుగా కూర్చున్న మనిషికే పోతుంది. మరీ ఎక్కువ పోయిందనుకోండి, గెలిచినవాడికే మొహమాటంగా ఉంటుంది. పదకొండున్నరకి మా ఆడపడుచు పైనుంచి "ఇక లేవండి, పులిహోర చల్లారిపోతోంది" అని కేకేస్తే ఆట అయిపోతుంది. క్యాసినోలో లెమ్మని పిలిచే మనిషి ఉండదు. లేవకుండా ఉండటానికే ఆ హాలు కట్టారు. గోడకి గడియారం ఉండదు, బయట చీకటి పడిందో లేదో చూద్దామంటే కిటికీ ఉండదు. ఇంకాస్త ఆడితే రాత్రికి గది ఉచితమంటారు.

రెండో ప్రశ్న దీనికన్నా గట్టిది. మా అబ్బాయే అడిగాడు. "అమ్మా, ఫోనులో బెట్టింగ్ ఉండగా క్యాసినో దగ్గరో దూరమో ఎవడికి కావాలి?" అని. వాడి మాటలో నిజముంది. వర్జీనియాలో 2021 జనవరి నుంచి ఫోనులో క్రీడల పందేలు చట్టబద్ధం. ఫుట్‌బాల్ సీజన్‌లో టీవీ పెడితే పది నిమిషాలకో ప్రకటన. మన వైపు ఈ దెబ్బ ముందే తిన్నారు. ఆన్‌లైన్ రమ్మీతో అప్పులపాలైన కుటుంబాలని చూశాకే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధం తెచ్చాయి. 2025 ఆగస్టులో కేంద్రమే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలని నిషేధిస్తూ చట్టం చేసింది. ఫోను విషయంలో దూరం సున్నా అయిపోయింది, నిజమే. సున్నా అయ్యాక ఏమైందో చూశాం కాబట్టే రెండోదాన్ని కూడా సున్నా చెయ్యొద్దంటున్నాను. ముందు తలుపు గొళ్లెం ఊడిందని పెరటి తలుపు తీసిపెట్టుకోం కదా.

మూడోది, ఎవరి డబ్బు వాళ్లిష్టం అని. పెళ్లికాని, ఎవరికీ బాకీ లేని మనిషి ఆ మాటంటే నేను నోరు మూసుకుంటాను. కానీ సంసారంలో ఎవరి డబ్బూ పూర్తిగా వాళ్లది కాదు. అందులో పిల్లల ఫీజు ఉంటుంది, ఊళ్లో ఉన్న అత్తగారి మందులుంటాయి, ఇంటి లోను ఉంటుంది. పైగా మన పరిస్థితి వేరు. అక్కడైతే మనిషి దారి తప్పుతున్నాడంటే పెద్దమామయ్యో, బావగారో వచ్చి అరుగు మీద కూర్చోబెట్టి నాలుగు చీవాట్లు పెడతారు. ఇక్కడ భార్యకి చెప్పుకోవడానికి మనిషి ఉండదు. చాలామందికి సొంత జీతం ఉండదు, వీసా కూడా ఆయన ఉద్యోగం మీదే ఆధారపడి ఉంటుంది. గ్రీన్ కార్డు వరసలో పదేళ్లు నిలబడ్డ కుటుంబానికి అప్పుల గొడవ ఎంత ప్రమాదమో నేను వేరే చెప్పక్కర్లేదు.

డిగ్రీలో తెలుగు చదువుకున్నదాన్ని, ఈ విషయం అనుకున్నప్పుడల్లా నాకు ధర్మరాజు కన్నా దమయంతి గుర్తొస్తుంది. శ్రీనాథుడి శృంగార నైషధం పెళ్లి సంబరాల దగ్గర ఆగిపోతుంది, కాబట్టి చాలామందికి హంస గుర్తుంటుంది, జూదం గుర్తుండదు. జూదం కథ కావాలంటే నన్నయ అరణ్యపర్వానికి వెళ్లాలి. అక్కడ అడవిలో ఉన్న ధర్మరాజుకి బృహదశ్వుడనే ముని నలుడి కథ చెబుతాడు. పుష్కరుడు నలుడి ఊరికే, నలుడి ఇంటికే వచ్చి ఆటకి కూర్చోబెట్టాడు. దమయంతి చూస్తూనే ఉంది. మంత్రులు, ఊరి పెద్దలు వాకిట్లో నిలబడ్డారు, ఒక్కసారి రమ్మనండి అని. ఆవిడ వెళ్లి చెప్పింది. ఆయన తలెత్తలేదు. అప్పుడు దమయంతి ఏం చేసిందో తెలుసా? ఏడుస్తూ కూర్చోలేదు. సారథి వార్ష్ణేయుణ్ణి పిలిచి, రథం కట్టించి, ఇద్దరు పిల్లల్నీ కుండినపురంలో తన పుట్టింటికి పంపేసింది. ఆటని ఆపలేకపోయింది, మొగుణ్ణి లేపలేకపోయింది. ఆ పిల్లలకీ ఆ పాచికలకీ మధ్య దూరం పెట్టడం ఒక్కటే ఆవిడ చేతిలో మిగిలింది, ఆ ఒక్కటీ చేసింది. రాజ్యం పోయింది, కట్టుబట్టలతో అడవికి వెళ్లారు, కానీ పిల్లలు తాతగారింట్లో అన్నం తింటున్నారు.

ఇన్నాళ్లకీ ఇంటి ఆడదాని చేతిలో ఉన్న పనిముట్టు అదే. కాబట్టి ఉన్న దూరాన్ని పోనివ్వకూడదంటాను.

ఏం చెయ్యగలం అని అడిగితే, చెయ్యగలిగేది చాలానే ఉంది. 2008లో ఫిలడెల్ఫియాలో చైనాటౌన్ పక్కన క్యాసినో పెడతామన్నప్పుడు అక్కడి కుటుంబాలు, చిన్న కొట్లవాళ్లు, ముసలివాళ్లు కలిసి అడ్డం తిరిగారు. ఆ క్యాసినో అక్కడికి రాలేదు. వాళ్లూ మనలాగా వలస వచ్చినవాళ్లే. మనం మాత్రం ఇది తెల్లవాళ్ల గొడవ, మనకెందుకులే అని కూర్చుంటాం. ఓటున్నవాళ్లు మీ డెలిగేట్‌కి, సెనేటర్‌కి రాయండి. ఓటు లేనివాళ్లు కూడా రాయొచ్చు, ఇక్కడ ఉంటున్నాం, ఇక్కడ పన్ను కడుతున్నాం, మన పిల్లలు ఇక్కడి బళ్లలో చదువుతున్నారు. కౌంటీ బోర్డు సూపర్‌వైజర్ ఆఫీసుకి నాలుగు లైన్ల ఈమెయిల్ పంపడానికి పౌరసత్వం అక్కర్లేదు. బిల్లు ఎప్పుడైనా నెగ్గినా, చివరికి కౌంటీ ప్రజల ఓటుకి రావలసిందే. ఆ రోజు ఇంట్లో అమ్మానాన్నల దగ్గర నుంచి ఓటున్న ప్రతివాళ్లనీ బయల్దేరదీయండి.

ఒకవేళ అన్నీ దాటుకుని వచ్చేసిందే అనుకుందాం. అప్పుడు అడగవలసింది ఒకటుంది. వర్జీనియాలోనూ స్వచ్ఛంద నిషేధ జాబితా ఉంది, కానీ అందులో ఎవరి పేరు వాళ్లే రాయించుకోవాలి. సింగపూర్‌లో అయితే భార్య గానీ, తల్లిదండ్రులు గానీ, పిల్లలు గానీ దరఖాస్తు పెట్టుకోవచ్చు, మా ఇంటి మనిషిని లోపలికి రానివ్వకండి అని. విచారించి ఉత్తర్వు ఇస్తారు. నిజంగా కుటుంబాల మేలు కోరేవాళ్లయితే ఆ హక్కుని బిల్లులో రాయమనండి. హోటలు ఎన్ని అంతస్తులో, కచేరీ హాల్లో ఎన్ని కుర్చీలో మాట్లాడతారు, ఈ మాట మాత్రం ఎవరి నోటా వినలేదు.

నేను మా డెలిగేట్‌కి ఉత్తరం రాశాను. ఇంగ్లీషు మావాడు సరిచేశాడు. ఎనిమిది లైన్లే. మేరీలాండ్ పోయే డబ్బు గురించి మీరు బెంగపడుతున్నారు, అక్కడిదాకా వెళ్లాలి కాబట్టి వెళ్లకుండా ఆగిపోయిన డబ్బు గురించి కూడా ఆలోచించండి, అది మా ఇళ్లలో పిల్లల చదువుగా ఉంది అని రాశాను. కావాలంటే కామెంట్‌లో అడగండి, ఉత్తరం పంపిస్తాను. మీ పేరు పెట్టి, మీ మాటలు కలిపి మీరూ పంపండి. అసెంబ్లీ జనవరి రెండో వారంలో మొదలవుతుంది.